పాట తప్ప అన్నీ వినే బార్బా నేవియో

పాటలో పాట తప్ప మిగతావన్నీ వినే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు నేవియో సుపెరీనా. మా రియెకా రేవులో కాస్త వయసు మళ్ళిన మగవాళ్ళందరూ బార్బాలే కాబట్టి ఆయన కూడా బార్బా నేవియో. మా వారపత్రికలో పంతొమ్మిదేళ్ళుగా పాటల మీద సమీక్షలు రాస్తున్నాడు. ఆ పంతొమ్మిదేళ్ళలో ఒక గొంతు గురించి గాని, ఒక బాణీ గురించి గాని, ఒక గిటారు గురించి గాని ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు.

మరేం రాసేవాడంటారా? ఫ్రిజ్ గురించి రాసేవాడు.

మా ఊళ్ళో రాక్ పాటలు కట్టేవాళ్ళకి కొదవ లేదు. ఏడాదిలో సగం రోజులు వాన. బయటికి వెళ్ళలేక ప్రతివాడూ ఇంట్లో కూర్చుని గిటారు వాయిస్తాడు. వాయించింది వాయించినట్టు ఇంట్లోనే రికార్డు చేసి మాకు పంపిస్తాడు. వంటింట్లో రికార్డు చేసిన పాటలో వంటిల్లు కూడా పడుతుంది కదా. మామూలు మనుషులు దాన్ని పట్టించుకోరు. నేవియో అదొక్కటే పట్టించుకునేవాడు.

ఆయన వినే పద్ధతి కూడా లోకంలో లేనిదే. ముప్ఫై నాలుగేళ్ళు ఓడల ఇంజన్లు బాగుచేసిన మనిషి. మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఎప్పుడూ కోటు లోపలి జేబులో ఉంటుంది. దాని మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడట. పాట వినేటప్పుడు కూడా అంతే. మా ఆఫీసు స్పీకరు చెక్కపెట్టెకి మొన ఆనించేవాడు, పిడి చెవిలో పెట్టుకునేవాడు, కళ్ళు మూసుకునేవాడు. పాట అయిపోయాక అయిదు నిమిషాలదాకా ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

సాంస్కృతిక పేజీ చూసేదాన్ని నేను కాబట్టి నేనే అడగాలి.

“ఎలా ఉంది బార్బా?”

“పైనుంచి నాలుగో మెట్టు.”

“మెట్టేమిటి? పాట సంగతి.”

“అదే చెబుతున్నా అమ్మాయ్. వీడి ఇంట్లో చెక్క మెట్లున్నాయి. నాలుగోది ఊగుతోంది. ఎవరో ఒకరు పడతారు.”

మర్నాడు సమీక్ష నా చేతికొచ్చేది. శీర్షిక: ‘నాలుగో మెట్టు’. పాడినవాడి పేరు మాత్రం తప్పు లేకుండా రాసేవాడు, అంతవరకు మెచ్చుకోవాలి.

ఒకసారి నలుగురు కుర్రాళ్ళు కారు షెడ్డులో నిలబడి, లోకాన్ని తగలబెట్టేస్తామని గొంతులు చించుకుని ఒక పాట పంపారు. నేవియో ఇలా రాశాడు: “ఈ నలుగురూ లోకాన్ని తగలబెట్టే హడావిడిలో ఉండగా వెనకాల కారులోంచి నూనె కారుతోంది. నాలుగు క్షణాలకొక చుక్క. కింద రేకు పళ్ళెం కూడా పెట్టారు, అంటే సంగతి వీళ్ళకి తెలుసు. తెలిసీ ఊరుకున్నారు. లోకం సంగతి తర్వాత.” ఆ వారమంతా కాఫీ హోటళ్ళలో జనం ఈ ముక్క ఒకళ్ళకొకళ్ళు చదివి వినిపించుకుని నవ్వుకున్నారు.

ఇంకోసారి ఒర్నెల్లా అనే అమ్మాయి, ప్రేమించినవాడు వదిలేసి వెళ్ళిపోతే, స్నానాల గదిలో కూర్చుని ఏడుస్తూ ఒక పాట పాడింది. వింటే నాకే గుండె తరుక్కుపోయింది. నేవియో స్క్రూడ్రైవరు దించి, కళ్ళు తుడుచుకున్నాడు. ఇంతకాలానికి మనిషి కరిగాడనుకున్నాను.

“అరంగుళం వాషరు,” అన్నాడు.

“ఏమిటీ?”

“కుళాయి కారుతోంది. అరంగుళం వాషరు సరిపోతుంది. ఇంతోటిదానికి ఎవరూ మార్చలేదు చూడు.”

సమీక్ష అచ్చయ్యాక ఒర్నెల్లా నాకు ఫోన్ చేసింది. “నా ప్రేమ గురించి రాయమంటే నా కుళాయి గురించి రాస్తాడా?” అని అరగంట దులిపేసింది. ఇలాంటి ఫోన్లన్నీ నాకే వచ్చేవి. ఆయనకి ఫోన్ లేదు. ఉన్నా ఎత్తడు. మోగుతుంటే గంట లోపలి స్ప్రింగు గురించి ఆలోచిస్తాడు.

మా పెద్ద ఎడిటరేమో, “ఊరంతా చదివే పేజీ అదొక్కటే, ఆయన జోలికెళ్ళకు” అనేవాడు. నేను నోరు మూసుకునేదాన్ని. మనసులో మాత్రం, ఈ ముసలాయనకి సంగీతమంటే గిట్టదు, పాడేవాళ్ళంటే అసలే గిట్టదు అని తేల్చేసుకున్నాను. తీబోర్ కింకెలా పాట వచ్చిందాకా అదే నమ్మకంతో ఉన్నాను.

తీబోర్ కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. నలభై ఒకటో ఏడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఏడేళ్ళుగా ఇంట్లో పాత క్యాసెట్ రికార్డరు మీద పాటలు చేసుకుంటున్నాడు. ఈ మధ్య బట్టల బీరువాలో కూర్చుని, మీద రజాయి కప్పుకుని చేస్తున్నాడు. డ్రమ్ములకి బదులు బిస్కెట్ల డబ్బా. తన బృందానికి ‘బీరువా బృందం’ అని పేరు పెట్టుకున్నాడు. బృందంలో ఆయనొక్కడే సభ్యుడు.

పాట పేరు ‘ఎనిమిది చేతుల చొక్కా’. ఒక ఆక్టోపస్ దర్జీ దగ్గరికి వెళ్ళి, ఎనిమిది చేతులకీ సరిపోయే చొక్కా కుట్టమంటుంది. గుడ్డ ఏడు చేతులకే వస్తుందంటాడు దర్జీ. ఏ చెయ్యి వదిలెయ్యాలి? రొట్టె పట్టుకునేదా? వీపు గోక్కునేదా? తలుపు తట్టేదా? చివరికి ఆక్టోపస్, “వీడ్కోలు చెప్పే చేతిని వదిలెయ్యి, దాంతో నాకింక పని లేదు” అంటుంది. మొదటిసారి విని పకపకా నవ్వాను. మూడోసారి నవ్వలేకపోయాను. పిచ్చి పాటే. కాని మర్నాడు బస్సులో అదే నోట్లో ఆడింది.

క్యాసెట్‌తోపాటు ఒక చీటీ ఉంది. “మిర్నా గారూ, రేవు హాల్లో వసంతం కచేరీలకి దరఖాస్తు పెట్టాను. పత్రికలో మంచి మాట వస్తే అవకాశం ఇస్తామన్నారు. ఇదే నా ఆఖరి పాట. ఇది కూడా ఎవరికీ నచ్చకపోతే రికార్డరు వదిలేస్తాను. ఒక్క మనవి. దీన్ని నేవియో గారికి మాత్రం ఇవ్వకండి.”

ఏం చెయ్యను? మా పత్రికకి ఉన్న సమీక్షకుడు ఒక్కడే.

“బార్బా, మీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కసారికి పాట గురించి రాయండి,” అని బతిమాలాను. సరే సరే అని తలూపాడు. ఆ వారం ఇలా రాశాడు:

“కింకెలా ఇంట్లో ఫ్రిజ్ మంచిది, అనవసరంగా మాట్లాడదు. కాని నలభై మూడో క్షణం దగ్గర గోడ అందుకుంటుంది. టక్, టక్. మళ్ళీ టక్, టక్. పాట పూర్తయ్యేదాకా ఆగదు. బృందంలో తాళం తప్పనిది ఆ గోడ ఒక్కటే. ఈ ఏడాది నేను విన్న గోడల్లో ఇదే ఉత్తమం.”

ఆక్టోపస్ మాట లేదు. దర్జీ మాట లేదు. చొక్కా ఊసే లేదు.

పత్రిక వచ్చిన రోజు మధ్యాహ్నం తీబోర్ మా ఆఫీసుకి వచ్చాడు. వానలో ముద్దయిపోయి ఉన్నాడు. కోటు లోపల ఏదో పెద్ద మూట పట్టుకున్నాడు.

“మీరు నన్ను తిట్టొచ్చు,” అన్నాను ముందే.

“తిట్టడానికి రాలేదండీ. రికార్డరు సముద్రంలో పారేద్దామని బయల్దేరాను. మీ ఆఫీసు దారిలోనే కదా, వెళ్తున్నానని చెప్పి పోదామని.” ఎప్పటిలాగే మెల్లిగా మాట్లాడుతున్నాడు. చెవి దగ్గరపెడితే గాని వినపడదు. “ఏడేళ్ళు పాడానండీ. ఊరికి నా గోడ నచ్చింది.”

సరిగ్గా అప్పుడే తడిసిన గొడుగు దులుపుకుంటూ నేవియో లోపలికొచ్చాడు. తీబోర్‌ని ఎగాదిగా చూశాడు.

“నువ్వేనా గోడ అబ్బాయివి?”

నా సహనం ఆ క్షణంలో అయిపోయింది. పంతొమ్మిదేళ్ళ ఫోన్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. “బార్బా, కోటు విప్పకండి. ఇప్పుడే ఈయన ఇంటికి వెళ్తున్నాం. వెళ్ళి, ఆ పాట చేసినచోట నిలబడి, మీ నోటితో మీరు క్షమాపణ చెబుతారు.”

“ఇప్పుడే?”

“ఇప్పుడే.”

“సరే పద,” అన్నాడు నేవియో. వెళ్ళాలని ఉన్నవాడిలాగే అన్నాడు. దాంతో నాకు ఇంకా మండింది.

తీబోర్ ఇల్లు కొండవాలు వీధిలో ఉంది. వీధి మెట్లు, ఇంటి మెట్లు కలిపి నూట పన్నెండు. మూడో అంతస్తు చేరేసరికి నాకు తిట్టడానికి ఊపిరి మిగల్లేదు. నేవియోకి మాత్రం ఆయాసమే లేదు. గదిలోకి వెళ్ళగానే బీరువా తెరిచి, కోట్లు పక్కకి జరిపి, లోపల కూర్చుని చూశాడు. బయటికొచ్చి కుర్చీ లాక్కున్నాడు. జేబులోంచి మడిచిన కాగితం ఒకటి తీసి, కళ్ళజోడు పెట్టుకున్నాడు.

“మొదటి చరణం ముట్టుకోకు. అది దేవుడిచ్చింది. రెండో చరణంలో వీపు గోక్కునే చెయ్యి రెండుసార్లు వచ్చింది, ఒకటి తీసెయ్. దర్జీ ఒక్క మాటే మాట్లాడి మాయమైపోయాడు. గుడ్డ చాలదని చెప్పడానికి ఆయనకి బాధగా ఉండదూ? ఆయనకి రెండు లైన్లివ్వు. చివర్లో వీడ్కోలు చెయ్యి దగ్గర గిటారు ఆపెయ్, గొంతొక్కటే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, నువ్వు పాడ్డం లేదు నాయనా. పక్కగదిలో చంటిపిల్ల పడుకున్నట్టు గొణుగుతున్నావు. పాట బంగారం. పాడేవాడు భయపడుతున్నాడు.”

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. తీబోర్ కూడా అంతే.

“మీరు... పాట విన్నారా?” అన్నాను.

“పద్నాలుగుసార్లు.”

“మరి రాయరేం?”

నేవియో కాగితం మళ్ళీ మడత పెట్టాడు. “నాకు ఇరవయ్యారేళ్ళప్పుడు కూడా రాసేవాణ్ణే. మా ఓడల కార్ఖానా కరపత్రంలో. మా క్రేన్ నడిపే అమ్మాయి ఒకతె పండక్కి పాడింది. ఆవిడ గొంతు తుప్పు పట్టిన లంగరు గొలుసులా ఉందని రాశాను. నాలుగే లైన్లు. చాలా చమత్కారంగా ఉందని అందరూ భుజం తట్టారు. భోజనాల దగ్గర ఆవిడ వెళ్తుంటే వెనకనుంచి గొలుసు చప్పుడు చేసేవాళ్ళు. ఆవిడ మళ్ళీ పాడలేదు. ఇప్పుడు చేపల బజారులో ఉంది. అక్కడ అందరూ అరిచి అమ్ముతారు కదా. ఆవిడ అరవదు. ఊరికే నిలబడుతుంది. నాకు చేపలు పడవు, అయినా శుక్రవారం శుక్రవారం కిలో తెచ్చి కింది ఇంటి పిల్లికి పెడతాను.”

మడిచిన కాగితం తీబోర్ చేతిలో పెట్టాడు.

“అందుకని అప్పట్నించి అచ్చులో ఎవరినైనా తిట్టాలంటే ఫ్రిజ్‌ని తిడతాను,” అన్నాడు నేవియో. “ఫ్రిజ్ ఏడవదు. మనిషికి చెప్పాల్సింది మనిషి ఇంటికొచ్చి చెబుతాను. నువ్వు ఇవాళ లాక్కొచ్చావు గాని అమ్మాయ్, నేను రేపు రావలసినవాణ్ణే.”

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కిటికీ వైపు తిరిగి వానని చూశాను.

“అయితే గోడ సంగతి ఏమిటి?” అని తీబోర్ మెల్లిగా అడిగాడు. “పక్కింటి పెద్దావిడ, ష్యోరా మార్చెల్లా కొడుతుందండీ. నేను పాడినప్పుడల్లా. మూడేళ్ళబట్టీ. ఆవిడకి ఇబ్బందని మొదట వంటింట్లోంచి పడగ్గదికి మారాను, తర్వాత బీరువాలోకి వెళ్ళాను, తర్వాత రజాయి కప్పుకున్నాను. అయినా కొడుతూనే ఉంది. గుమ్మంలో కనిపిస్తే తల వంచుకుని పారిపోతాను.”

“ఏదీ, ఇప్పుడు పాడు,” అన్నాడు నేవియో.

“ఇప్పుడా?”

“నీ మామూలు గొణుగుడే. కానియ్.”

తీబోర్ గిటారు తీసి మొదలెట్టాడు. నేవియో స్క్రూడ్రైవరు మొన గోడకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకున్నాడు. దర్జీ గుడ్డ కొలిచేచోటికి వచ్చేసరికి అవతల్నించి మొదలైంది. టక్, టక్. టక్, టక్. తీబోర్ మెడ చొక్కాలోకి కుంచించుకుపోయింది.

నేవియో మొహం మాత్రం పండగైపోయింది. “కోపంతో కొట్టేవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు కొడతారురా అబ్బాయ్. ఈవిడ చూడు, తాళంలో సరిగ్గా రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద. ఒక్కటీ తప్పదు. నువ్వే తప్పుతున్నావు. పద, తలుపు కొడదాం.”

ష్యోరా మార్చెల్లా తలుపు తీసింది. ఎనభైకి దగ్గర్లో ఉంటుంది, బక్కపల్చని మనిషి, చేతిలో సంకటి కలిపే కర్ర. దాంతోనే కొడుతోందన్నమాట. వాకిట్లో తీబోర్‌ని చూసి కళ్ళెర్రజేసింది.

“వచ్చావా! మూడేళ్ళకి వచ్చావా!”

“క్షమించండి ష్యోరా. ఇంక పాడనండీ, ఇవాళే రికార్డరు—”

“పాడకపోవడమేమిటి? చివరి చరణంలో ఎందుకు నెమ్మదించేస్తావ్? ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి చల్లబడిపోతావు. నేను ఇవతల చచ్చేట్టు కొడుతున్నా నీకు బుద్ధి రాదేం? కాగితం మిల్లులో కత్తిరింపు యంత్రం పక్కన ముప్ఫై ఎనిమిదేళ్ళు నిలబడ్డాను. నిమిషానికి తొంభై ఆరు దెబ్బలు. ఇప్పటికీ నిద్రలో కూడా తప్పను. నువ్వు తొంభై ఆరుతో మొదలెట్టి ఎనభైకి దిగిపోతావు!”

“అంటే... మీరు నన్ను ఆపమని కొట్టడం లేదా?”

“ఆపమనడానికి కొట్టాలా? నోరు లేదూ నాకు?” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “ఈ మధ్య అసలు వినపడ్డం లేదు. రజాయి కప్పుకుంటున్నావా ఏమిటి? చెవి గోడకి ఆనించి ఆనించి మెడ పట్టేసింది. మోకాళ్ళు బాగోక నేను కిందికి దిగి రెండేళ్ళయింది. ఆ ఆక్టోపస్‌కి చొక్కా కుట్టారో లేదో తెలియక చస్తున్నాను.”

తీబోర్ అలాగే నిలబడిపోయాడు. ఏడేళ్ళుగా వినేవాళ్ళ కోసం వెతికిన మనిషికి, మూడేళ్ళుగా ఒక శ్రోత జానెడు గోడ అవతలే ఉందని తెలిస్తే ఎలా ఉంటుందో ఆయన మొహంలో చూశాను. గిటారు ఆయన చేతిలోనే ఉంది. అక్కడే వాకిట్లో నిలబడి పాడటం మొదలెట్టాడు. ఈసారి పైకి, గొంతెత్తి. కింది అంతస్తులో ఎవరో తలుపు తీశారు. మార్చెల్లా గుమ్మం మీద కర్రతో కొట్టింది. తొంభై ఆరు.

నేవియో గుమ్మానికి స్క్రూడ్రైవరు ఆనించి వింటూ, “ఈ తలుపు కింది బందు వదులుగా ఉంది,” అన్నాడు. అందరికంటే నేనే గట్టిగా నవ్వాను.

ఆ ఆదివారమే పాట మళ్ళీ రికార్డు చేశారు. బీరువా లేదు, రజాయి లేదు. తలుపులు రెండూ తెరిచిపెట్టి, వసారాలో చేశారు. కొత్త క్యాసెట్ రేవు హాలుకి నేనే స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చాను. విని ఒప్పుకున్నారు.

కచేరీ సాయంత్రం అయిదింటికి. మధ్యాహ్నమే ష్యోరా మార్చెల్లాని కుర్చీలో కూర్చోబెట్టి, నేవియో ఒకవైపు, తీబోర్ ఒకవైపు పట్టుకుని, నూట పన్నెండు మెట్లూ దింపారు. దారిలో కనబడ్డవాళ్ళందరినీ ఆవిడ పేరు పెట్టి పలకరిస్తోంది. రెండేళ్ళ కబుర్లు బాకీ కదా. అరగంట ప్రయాణం గంటన్నర పట్టింది.

హాలుకొచ్చాక ఇంకో చిక్కు. వేదిక మీదకి ఎక్కించి, ముందు ఒక డ్రమ్ము పెడితే ఆవిడ దాన్ని ముట్టుకోనంది.

“నాకు గోడ కావాలి. డబ్బాలు కొట్టను.”

“ఇక్కడ గోడ ఎక్కణ్ణుంచి తేవాలి ష్యోరా?”

“అది మీ తలనొప్పి.”

నేవియో మాట్లాడకుండా బయటికి వెళ్ళాడు. పావుగంటకి తిరిగొచ్చాడు, వీపు మీద ఒక పాత తలుపు! పాత ఓడలోదట, మంచి టేకు. ఎవరి దగ్గర్నించి తెచ్చాడో నేను అడగలేదు. ఆయన దాన్ని కుర్చీల మధ్య నిలబెట్టి, తాళ్ళతో కట్టి, స్క్రూడ్రైవరు ఆనించి, వేలితో తట్టి, మూడు అంగుళాలు పక్కకి జరిపాడు. మార్చెల్లా తలుపు వెనకాల కూర్చుంది. జనానికి కనబడనంది. కొత్తవాళ్ళ ముందు సిగ్గట.

తీబోర్ పాడాడు. మొదటి చరణం వినగానే ముందు వరసల్లో నవ్వులు. రెండో చరణంలో, తలుపు వెనకనుంచి టక్, టక్ మొదలయ్యేసరికి, ఎక్కడిదా చప్పుడని జనం మెడలు సాచారు. కాసేపటికి హాలంతా కాళ్ళతో నేల తన్నడం మొదలెట్టింది. వీడ్కోలు చెప్పే చెయ్యి దగ్గర గిటారు ఆగింది, గొంతు ఒక్కటే మిగిలింది. వందమంది కాళ్ళూ ఆగాయి. తీబోర్ నెమ్మదించలేదు. తలుపు వెనకనుంచి, “అదీ!” అని ముసలి గొంతు ఒకటి వినబడింది. జనం ఘొల్లుమన్నారు. తీబోర్ వెళ్ళి తలుపు పక్కకి తిప్పాడు. అక్కడ సంకటి కర్రతో మార్చెల్లా, మొహం ఎర్రగా కందిపోయి. ఆ చప్పట్లు ఎంతసేపు మోగాయో నేను లెక్కపెట్టలేదు. ఆవిడ లెక్కపెట్టిందట. తాళం లేకుండా కొట్టారని విసుక్కుంది.

ఆ మర్నాడు నేను ఒక పని చేశాను. పాత పత్రికలు ముందేసుకుని, నేవియో సమీక్షించినవాళ్ళకి వరసగా ఫోన్లు చేశాను. మొదట ఒర్నెల్లాకి.

“నిజం చెప్పు. నేవియో మీ ఇంటికొచ్చాడా?”

“ఎవరికీ చెప్పొద్దన్నాడు. వాషరు తెచ్చి మార్చాడు. తర్వాత రెండు గంటలు కూర్చుని పాట మొత్తం నాతో మళ్ళీ రాయించాడు. ‘వాడి పేరు తీసెయ్ తల్లీ, పాట నీది’ అన్నాడు. నా ఒక్కదానికే అలా చేశాడనుకున్నాను.”

కారు షెడ్డు కుర్రాళ్ళూ అదే మాట. మెట్ల అబ్బాయీ అదే మాట. అందరి ఇళ్ళకీ వెళ్ళాడు. అందరికీ ఎవరితోనూ చెప్పొద్దన్నాడు. ఊరంతా దాచిపెట్టిన రహస్యం నాకొక్కదానికే తెలియదు. ఎందుకంటే, పంతొమ్మిదేళ్ళలో నేను ఆయన్ని తిట్టడమే గాని పాట ఒక్కటీ పాడలేదు.

ఇదంతా పత్రికలో రాస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. “నా గురించి రాస్తే మానేస్తాను” అన్నాడు. మానెయ్యడని తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మొన్న మంగళవారం ఒక పళ్ళ డాక్టరు పాట పంపాడు. సొంతంగా కట్టి, రోగుల కుర్చీలో కూర్చుని పాడి, రికార్డు చేసింది. పళ్ళు తొలిచే యంత్రమే నయం. పాట సగంలో ఉండగానే నేవియో లేచి కోటు వేసుకుని గబగబా వెళ్ళిపోయాడు. ఎక్కడికో చూద్దామని నేనూ వెనకాలే వెళ్ళాను. తిన్నగా చేపల బజారు పక్కనున్న మిఠాయి దుకాణంలోకి దూరాడు. నేనూ దూరాను.

కౌంటరులో అమ్మాయి ఆయన్ని చూడగానే అట్టపెట్టె అందుకుంది.

“ఇవాళ ఎన్ని బార్బా?”

“ఆరు.”

“అయ్యయ్యో!” అంది ఆ అమ్మాయి. నన్ను చూసి, “పాడినవాళ్ళ ఇంటికి వెళ్ళేటప్పుడు, మామూలు పాటకి రెండు క్రీము కేకులు పట్టుకెళ్తారండీ. బాగోకపోతే నాలుగు. ఆరు నేనెప్పుడూ కట్టలేదు,” అని చెప్పింది.

“తీబోర్‌కి ఎన్ని?” అని అడిగాను.

“మర్నాడు ఒక్కటే పట్టుకెళ్ళాను,” అన్నాడు నేవియో, దొరికిపోయిన దొంగలా. “అది కూడా ష్యోరా మార్చెల్లా తినేసింది.”

“అంతా బాగానే ఉంది గాని బార్బా, పళ్ళ డాక్టరుకి ఆరు క్రీము కేకులా?”

“పాట విన్నావు కదా,” అన్నాడు.

నేను కౌంటరు దగ్గరికి వెళ్ళి ఏడోది కూడా పెట్టించాను.